జాగ్రత్త గారి పదిహేడు నిమిషాలు

పందొమ్మిది వందల ఎనభై తొమ్మిదో సంవత్సరం జూన్ పన్నెండో తేదీ, సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు మన స్పర్శజ్ఞాన ప్రయోగశాలలో తాత్కాలిక సాంకేతిక సహాయకులుగా అడుగుపెట్టిన జాగ్రత్త గారు, ముప్పై అయిదు సంవత్సరాల అవిచ్ఛిన్న సేవ అనంతరం ఈ జూన్ ముప్పైన పదవీ విరమణ చేస్తున్నారు. సేవా పుస్తకంలో వారికి వేరే పేరుంది కానీ, ఆ పేరుతో పిలిస్తే వారే పలకరు. తీగ ముట్టుకోబోయినవారికీ, గాజు సూది ఎత్తినవారికీ, చివరికి టీ గ్లాసు అందుకున్నవారికీ "జాగ్రత్తండీ" అని చెప్పీ చెప్పీ, ఆ మాటే బిరుదై, బిరుదే పేరై స్థిరపడింది.

వారిని ధీరోదాత్తులుగా వర్ణించడం సన్మాన వ్యాసాల మర్యాద. అలా రాస్తే ఈ కార్యాలయంలో చీపురుకట్ట కూడా నవ్వుతుంది. జాగ్రత్త గారు భయస్తులు. చేరిన మొదటి నాలుగైదేళ్ళూ వారి కొలువు ఏటేటా పొడిగింపు మీద నడిచింది; మార్చి వచ్చిందంటే ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని తిరిగేవారు. అయితే అదే చేతులతో గాజు గొట్టాన్ని మంట మీద సాగదీసి, వెంట్రుకలో వందోవంతు మొన తీసేవారు. ఆ మొన నాడీకణం పక్కన దిగితే, కణం పలికే ప్రతి పలుకూ స్పీకర్లో చిటపటమని వినపడేది. ఇరవై సూదులు చేస్తే పందొమ్మిది పనికొచ్చేవి; ఆ ఇరవయ్యోది ఎందుకు పాడైందని సాయంత్రందాకా దిగులుపడేవారు.

మన శాఖ ఏం చేస్తుందని బంధువులు అడిగితే, అరికాలి మంట నెత్తికెక్కడానికి ఎంతసేపు పడుతుందో కొలుస్తాం అని చెప్పి తప్పించుకోవడం మనందరికీ అలవాటే. జాగ్రత్త గారు మాత్రం కొత్తగా కాపురానికి వచ్చిన తమ శ్రీమతికి ఓపికగా వివరించారట. చర్మం మీద తగిలిన తాకిడి ఒక ఫైలులాంటిది. నాడి దాన్ని వెన్నుపాముకు అందిస్తుంది, వెన్నుపాము మెదడు అడుగుభాగానికి, అక్కడి గుమాస్తా పై బల్లకు. అన్నిటికన్నా పైనున్న అధికారి చదివితేనే నొప్పి నొప్పవుతుంది. మత్తుమందు ఇస్తే ఆ అధికారి సెలవులో ఉన్నట్టు. ఫైలు వస్తుంది, చదివే దిక్కుండదు. అంతా విని ఆవిడ ఒకే ప్రశ్న వేశారట: "మరి ఆయన సెలవులోనే ఉన్నాడని మీకెలా తెలుస్తుంది?" ఆ తర్వాత ప్రయోగం జరిగిన ప్రతిరోజూ ఆ ప్రశ్న వారిని లోలోపల తొలిచేది.

పందొమ్మిది వందల తొంభై మూడు మార్చిలో ఒక మధ్యాహ్నం, బల్ల మీద ఒక పిల్లి ఉంది. దానికి రెండు మందులు వేర్వేరు గొట్టాల్లోంచి ఎక్కుతున్నాయి. ఒకటి మత్తుమందు. రెండోది, సూది మొన చెదరకుండా కండరాలను కదలనివ్వని మందు. ఊపిరి యంత్రం పోస్తోంది. మత్తు సీసాను రెండు గంటలకొకసారి మార్చే బాధ్యత ఒక పరిశోధక విద్యార్థిది; నేడు శాఖాధిపతి హోదాలో ఈ నాలుగు మాటలు రాస్తున్న వ్యాసకర్తే ఆ విద్యార్థి. పేరుమోసిన అతిథి శాస్త్రవేత్త ఒకరు ప్రయోగం చూడటానికి వచ్చారు. ఆ హడావిడిలో విద్యార్థి సీసా సంగతి మరిచిపోయాడు. రెండో మందు మాత్రం ఠంచనుగా ఎక్కుతూనే ఉంది.

మూడూ పదికి స్పీకర్లో చప్పుడు ఒక్కసారిగా తేటపడింది. ఇంత స్పష్టమైన నమోదు ఎక్కడా చూడలేదని అతిథి మెచ్చుకున్నారు. ప్రయోగం నడిపిస్తున్న మా ఆచార్యుల వారి ఆనందానికి పట్టపగ్గాలు లేవు. పిల్లి పాదం మీద మెల్లగా ఆడిస్తున్న కుంచెను పక్కన పెట్టి, పట్టకారుతో వేలు నొక్కమన్నారు. విద్యార్థి నొక్కాడు. చప్పుడు ఇంకా బాగుంది, కనుక మళ్ళీ నొక్కాడు. గదిలో సంతోషం లేనివారు ఒక్కరే. మూలన నిలబడిన ఆ తాత్కాలిక ఉద్యోగి తెర వైపు చూడటం లేదు, పిల్లి కళ్ళు చూస్తున్నారు. వేలు నొక్కినప్పుడల్లా కంటిపాప వెడల్పవుతోంది, పక్కనున్న యంత్రంలో గుండె చప్పుడు పరుగందుకుంటోంది. పై అధికారి సెలవు మీద లేడనీ, వచ్చి కూర్చుని ఒక్కొక్క ఫైలే చదువుతున్నాడనీ వారికి అర్థమైంది.

మూడూ పదహారుకు వారు "సార్" అన్నారు. ఆచార్యులు చెయ్యెత్తి ఆగమన్నారు. వారు ఆగిపోయారు. కొలువు పొడిగింపు కాగితం ఆ వారమే ఆచార్యుల సంతకానికి వెళ్ళి ఉంది. ఇంట్లో శ్రీమతికి ఎనిమిదో నెల. నోరెత్తితే నోటికాడి కూడు పోతుంది. ఎత్తకపోతే ఎదురుగా జరుగుతున్నది జరుగుతూనే ఉంటుంది. అలా తొమ్మిది నిమిషాలు నిలబడ్డారు.

"సార్, అది మెలకువగా ఉంది."

"పిచ్చా నీకు? కదలట్లేదు కదయ్యా."

"అది కదలకపోవడం కాదు సార్. మనం కదలనివ్వట్లేదు."

ఆ మాట అని, ఎవరి అనుమతీ అడగకుండా కొత్త సీసా తగిలించారు. మూడూ ఇరవై ఏడుకు గుండె చప్పుడు నెమ్మదించింది. ఆ పిల్లి మరి మేలుకోలేదు; ఆనాటి ప్రయోగాల ముగింపు అలాగే ఉండేది. ఉద్యోగం పోయిందనే నిశ్చయంతో జాగ్రత్త గారు క్యారియర్ సంచి భుజాన వేసుకుని ఇంటికి వెళ్ళిపోయారు. మర్నాడు ఆచార్యులు తలెత్తకుండా పొడిగింపు మీద సంతకం చేశారు. వారం తిరక్కముందే ఒక నియమం పెట్టారు: ప్రయోగం సాగినంతసేపూ ఒకరు జంతువు తల దగ్గరే కూర్చోవాలి, తెర చూడకూడదు, అనుమానం వస్తే ఎవరినైనా ఆపవచ్చు. ఆ స్థానం జాగ్రత్త గారికే దక్కింది.

మరుసటి ఏడాది వారి కొలువు స్థిరపడింది. రెండు వేల మూడులో సీనియర్ సహాయకులుగా, పన్నెండులో సాంకేతిక అధికారిగా పదోన్నతి పొందారు. ఈ కాలమంతా వారు ఆపించిన ప్రయోగాలు నలభై ఒకటి. వాటిలో ముప్పై ఎనిమిది సార్లు ఏ ప్రమాదమూ లేదని తేలింది. పరిశోధకులు విసుక్కున్నారు, చాటున పిరికిపంద అని నవ్వుకున్నారు. ధైర్యే సాహసే లక్ష్మి అంటారు కానీ, మిగిలిన ఆ మూడు సార్లూ మనల్ని కాపాడింది వారి భయమే.

ఆ భయం ఇంటికీ వెళ్ళింది. వారి అమ్మాయి పసితనంలో మధ్యాహ్నం నిద్రపోతుంటే, వారు మెల్లగా వెళ్ళి అరికాలిని వేలితో తాకేవారట. పాప కాలు లాక్కునేది. వారికి అది చాలేది కాదు. కాలు లాక్కోవడానికి వెన్నుపాము చాలు, మెదడుదాకా కబురు వెళ్ళనక్కరలేదని వారికి తెలుసు మరి. పాప కళ్ళు తెరిచి, తండ్రిని గుర్తుపట్టి, ఏడుపు లంకించుకుంటే గానీ వారి మనసు కుదుటపడేది కాదు. "నిద్రపోయే పిల్లని లేపి ఏడిపించి సంతోషించే తండ్రిని మిమ్మల్నే చూశాను" అని శ్రీమతి ఇప్పటికీ దెప్పుతుంటారు.

ఏడాదికొకసారి, ఫలానా రోజని లేకుండా, వారు వ్యాసకర్త గది తలుపు దగ్గర నిలబడి ఒక ప్రశ్న అడిగేవారు. ఆ పదిహేడు నిమిషాలూ దానికి తెలిసిందా అని. రక్తంలో మందు ఇంకా మిగిలే ఉంటుంది, తెలిసి ఉండదు అని వ్యాసకర్త ఏటా చెప్పేవాడు. వారు తల ఊపి వెళ్ళేవారు, మళ్ళీ ఏడాది వచ్చేవారు. ఈ సంచిక కోసం మీ గురించి ఏం రాయమంటారని గత నెల అడిగినప్పుడు వారు చెప్పిన జవాబు ఇది: "మంచి మాటలు ఎవరైనా రాస్తారు సార్. మీరు ఆ రోజుది రాయండి. తెలిసిందో లేదో రాయండి. పోయేముందు తెలుసుకుని పోతాను."

వ్యాసకర్త అనే ముసుగు ఇక్కడినుంచి పనికిరాదు. నేనే చెబుతాను.

పిల్లి గుండె వేగం నమోదైన ఆనాటి కాగితపు చుట్ట నా బీరువాలో ఉంది. నొక్కిన ప్రతిసారీ నేను దాని మీద పెన్నుతో గీత పెట్టాను. మొదటి నాలుగు సార్లు గీత పడ్డాక గుండె వేగం పెరిగింది. అయిదోసారి నుంచి గీతకు ముందే పెరిగింది. పట్టకారు ఇంకా తగలలేదు. పాదం నుంచి ఏ కబురూ బయలుదేరలేదు. పట్టకారు దగ్గరకు రావడం చూసి అది భయపడింది. ఈ సంగతి మర్నాడు ఉదయమే చూశాను. చూసి, చుట్ట చుట్టి, తాళం వేశాను.

జాగ్రత్త గారూ, దానికి తెలిసింది. మీరు తొమ్మిది నిమిషాలు నోరు మెదపలేదని ముప్పై ఒక్క ఏళ్ళుగా మిమ్మల్ని మీరు కోసుకుంటున్నారు. ఆ తొమ్మిది నిమిషాలూ పట్టకారు నా చేతిలో ఉంది. సీసా మరిచిపోయింది నేను. మీరు మాట్లాడకపోతే సాయంత్రం అయిదుదాకా నొక్కుతూనే ఉండేవాణ్ణి, ఎందుకంటే నమోదు బాగా వస్తోంది. మీకు నిజం చెబితే నన్ను ఏ కళ్ళతో చూస్తారోనని భయపడ్డాను. ఈ వ్యాసం అచ్చుకు వెళ్ళేముందు మీకు చూపించడానికీ ధైర్యం చాలలేదు. మీ శ్రీమతి, మీ అమ్మాయి, మన సహోద్యోగులు చదివేటప్పుడే మీరూ చదువుతున్నారు. ఇకమీదట మీరు నాతో మాట్లాడినా, మాట్లాడకపోయినా మీ ఇష్టం.

నా జవాబు ముప్పై ఒక్క సంవత్సరాలు ఆలస్యమైంది. ఆ బరువు దించుకుని, మీవాళ్ళ మధ్య కంటినిండా నిద్రపోతూ, రోగం రొష్టు లేకుండా, కనీసం మరో ముప్పై ఒక్క సంవత్సరాలు మీరు సుఖంగా జీవించాలని మనసారా కోరుకుంటున్నాను.