జ్యేష్ఠంలో ఆగిన కంప్యూటరు

లేదండి సిద్ధాంతిగారూ, నేను కూర్చోను. కూర్చుంటే మీరు మజ్జిగ తెప్పిస్తారు, మజ్జిగ తాగితే నా కోపం చల్లారిపోతుంది. నిలబడే అడుగుతాను. ఆషాఢంలో కొత్త పని మొదలెట్టొద్దని మా బావగారికి చెప్పింది మీరేనా, కాదా?

మీరేగా. మరి ఆ ముక్క వానలకి కూడా చెప్పాల్సింది. వానలు పడేది ఇప్పుడే, జనం మొక్కలు నాటేది ఇప్పుడే, కడియం లారీలన్నీ కదిలేది ఇప్పుడే. మీ పంచాంగం ఒక్కటే తలుపులేసుకుని పడుకుంది.

మీకు తెలుసుగా, నర్సరీ రైతుల సంఘానికి మా బావగారు బుల్లిరాజుగారే పెద్ద. ఆఫీసులో ఆర్డర్ల కుర్చీ నాది. ఎవరి మడిలో ఏ మొక్క ఉందో రైతులంతా ఫోన్లో చూసుకునే ప్రోగ్రాం ఒకటి తెచ్చుకున్నాం. అది నడవాలంటే ముందు దాని కింద జావా అప్లికేషన్ సర్వరు అనేది ఎక్కించాలి. ఏం లేదండి, మధ్యలో నిలబడి ఎవరడిగింది వాళ్ళకి వడ్డిస్తుంది, అంతే. నేనెక్కిస్తానన్నాను. బజ్జీలు చుట్టిచ్చిన కాయితం కూడా చదవందే పారెయ్యనిదాన్ని, ఇదొక లెక్కా?

మీరు జ్యేష్ఠంలో పెట్టిన ముహూర్తానికి ట్రాన్స్‌ఫార్మర్ పేలిపోయింది. అది బాగయ్యేసరికి ఆషాఢం. బావగారు ససేమిరా అన్నారు. శ్రావణం దాకా ఆగుదాం, ఈలోగా ఆర్డర్లు మునుపట్లాగే ఫోన్లలో, నువ్వెళ్ళి కవర్లలో మట్టి నింపమ్మా అన్నారు. మట్టి నింపడం నాకు చిన్నతనం కాదండి. కానీ ఒక్కసారి ఆ కుర్చీలోంచి లేచానా, మళ్ళీ కూర్చోబెట్టేవాడు ఎవడు?

అందుకని ఏం చేశానో చెప్తాను, తిట్టకూడదు. కంప్యూటర్లో తేదీ వెనక్కి తిప్పేశాను. సరిగ్గా మీ ముహూర్తానికి.

నవ్వుతారేంటండి? ఇవాళ పొద్దున్నే బావగార్ని పిలిచి చూపించాను. “చూసుకోండి బావగారూ, లోపల ఇంకా జ్యేష్ఠమే నడుస్తోంది. పని జరిగేది బయట కాదుగా, లోపలే కదా.” కళ్ళజోడు పెట్టుకుని తెర మూలన తేదీ చూశారు. వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకున్నారు. సరే కానియ్యమన్నారు. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, అన్నీ అయ్యాయి. కొబ్బరినీళ్ళు కీబోర్డు మీద పడకుండా నా కొంగు అడ్డం పెట్టాను.

ఇదివరకైతే దీనికి మనిషి రావాలండి, పూట పడుతుంది. ఇప్పుడు ఇన్‌స్టాలరని ఒకటుంది, అది పెళ్ళి వంటల కాంట్రాక్టరు లాంటిది. మనం ఊఁ అంటే చాలు, పొయ్యి వాడే తెచ్చుకుంటాడు, గరిటె వాడే తెచ్చుకుంటాడు. తనకి కావలసిన జావా అనే సరుకు నెట్‌లో ఎక్కడుందో అదే వెతుక్కుని దించుకుంటుంది. ముందు షరతుల కాయితం చూపించింది, మొత్తం చదివాను. బావగారు ఆవులించారు. ఒప్పుకున్నాను. పాస్‌వర్డ్ పెట్టాను. నెక్స్ట్, నెక్స్ట్. పని ఎంతైందో చూపించే పచ్చగీత తెర మీద గబగబా పాకుతోంది, నా గుండె దాని ముందు పరిగెడుతోంది.

సగంలో ఆగింది. ఎర్రక్షరాలు.

బావగారు మీ పేరు తలుచుకున్నారు. నేనూ తలుచుకున్నాను, నేను తలుచుకున్న తీరు మీకు చెప్పను. వెళ్తూ వెళ్తూ ఒకటే మాట అన్నారు, “మధ్యాహ్నం లారీకి లోడెత్తి వచ్చేసరికి ఇది నడవకపోతే, దీని మీద దుప్పటి కప్పెయ్యి.”

ఒక్కదాన్నే కూర్చుని ఆ ఎర్రక్షరాలు ఇంగ్లీషు డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివానండి. జావా దించుకోవాల్సిన చోటికి ఒక గుర్తింపు సర్టిఫికెట్ ఉంటుందట, నేను దొంగని కాదు అని చూపించుకోడానికి. అది ఈమధ్యే కొత్తగా రాయించుకున్నారు. ఇంకా చెల్లే రోజు రాలేదు పొమ్మంటోంది మా కంప్యూటరు. ఎందుకు రాలేదు? మేమింకా జ్యేష్ఠంలో ఉన్నాంగా. వచ్చే నెల సర్టిఫికెట్ పట్టుకొచ్చినవాణ్ణి గుమ్మంలోనే ఆపేసింది. దాని తప్పేముంది, చెప్పండి.

పగలబడి నవ్వానండి. బయట నీళ్ళు కడుతున్న వాళ్ళు తొంగి చూశారు.

తేదీ మళ్ళీ ఆషాఢానికి తెచ్చేశాను. సగంలో ఆగినదాన్ని ఊడ్చేసి మొదట్నుంచీ మొదలెట్టాను. ఇవాళ శుక్రవారం, అప్పటికి పదిన్నర దాటింది. అంటే ఏంటో మీకు నేను చెప్పాలా? అవునండి, నిఖార్సైన రాహుకాలం. పచ్చగీత ఆ చివరి దాకా పోయి, సర్వరు లేచి కూర్చుంది. దాని మీద మన ప్రోగ్రాం ఎక్కించి, బావగారికి ఫోన్లో లింకు పంపాను. లారీ పక్కన నిలబడి, మామిడి అంట్లు ఎవరి దగ్గరున్నాయో చూసుకుని, ఫోను కళ్ళకద్దుకున్నారట.

తిరిగొచ్చి తేదీ చూస్తారని, తెర మూలన రూపాయంత కుంకుమ బొట్టు పెట్టాను. దిష్టికి అన్నాను. మెచ్చుకున్నారు. ముహూర్తబలం అన్నారు. రేపు పళ్ళు పట్టుకుని మీ దగ్గరికే వస్తున్నారు.

అందుకేనండి నేను ముందొచ్చింది. పళ్ళు పుచ్చుకోండి, పేరు మీరే ఉంచుకోండి. కుర్చీ నాకు చాలు. రాహుకాలం మాట మాత్రం రానివ్వకండి.

వెళ్ళొస్తానండి.

ఇంకొక్కటి. రెండోసారి నొక్కేముందు గదిలో ఎవరూ లేరు. బల్లని, కంప్యూటర్ని, కుర్చీని, అన్నిటినీ ఈడ్చి తూర్పు ముఖానికి తిప్పాను.

అట్లా చూడకండి. ఇన్ని చదివినదాన్నే, ఏ పుస్తకంలోనూ తూర్పు లేదు. మామిడికి అంటు కట్టేటప్పుడు ఊపిరి బిగబట్టమని కూడా ఏ పుస్తకంలోనూ లేదండి. బిగబట్టకుండా కట్టిన మనిషిని కడియంలో ఒక్కర్ని చూపించండి.

సరే, ఇవ్వండి ఆ మజ్జిగ.