శనివారం వచ్చే ఆటగాడు

జనవరి మొదటివారంలో, అలబామాలోని ఒక కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్, మూడేళ్లుగా జట్టులో ఒక్కడికే దక్కే, ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ స్థానంలో ఆడుతున్న కుర్రాణ్ణి తన గదికి పిలిచి తలుపు వేశాడు.

"శనివారం టెక్సస్ నుంచి ట్రెంటన్ అనే ఆటగాడొస్తున్నాడు. కాలేజీ అంతా తిప్పి చూపించు. భోజనానికి తీసుకెళ్లు."

"ఏ స్థానంలో ఆడతాడు కోచ్?"

కోచ్ కిటికీ వైపు చూశాడు. "నీ స్థానంలోనే."

"ఆడటానికి అతనికి ఏడాదికి ఎంతిస్తున్నారు?"

"పది లక్షల డాలర్లు."

"పోయినేడు వేరే కాలేజీవాళ్లు మూడింతలిస్తామన్నా, మీరు ఉండమన్నారనే కదా తొంభై వేల డాలర్లకే ఇక్కడ ఆగిపోయాను."

"తెలుసురా. వాడు రాకపోతే నా ఉద్యోగం కూడా ఊడుతుంది."

"తిప్పడానికి ఇంకెవరూ లేరా?"

"మూడేళ్లు నా దగ్గర ఆడినవాడివి, నా గురించి నువ్వు చెబితేనే నమ్ముతాడు."

కుర్రాడు గోడమీది క్యాలెండర్ చూశాడు. వేరే కాలేజీకి మారడానికి వారమే గడువుంది. అమ్మకింకా ఏమీ తెలియదు.

"మీరెలాంటివారని అడిగితే ఏం చెప్పమంటారు?"

"మంచివాణ్ణనే చెప్పు," అన్నాడు కోచ్ తల వంచుకుని. ఆయన తనను బతిమాలడం కుర్రాడు అంతకుముందెప్పుడూ వినలేదు.

"చెబుతాను కోచ్. ఆదివారం నేను వెళ్లిపోతాను."