సంచిలోని కొత్త అంగీ

బాన్సువాడ సర్కారు దవాఖానలో, పొద్దున్నే కాన్పయిన చిన్నకోడలి మంచం మీద కూర్చుని పెద్దకోడలు దాతలిచ్చిన సంచి విప్పింది.

"దోమతెర, సబ్బు, అంగీలు. అన్నీ నీకే వచ్చినయ్ చెల్లె."

"దవాఖానల కాన్పయినోళ్లందరికీ ఇస్తుండ్రక్కా."

"సబ్బుకు వాసనే లేదు. బట్ట సుత పలుచగున్నది."

"నీకు కావాలంటే దోమతెర తీస్కపో."

"నాకెందుకు? అత్త నస్రుల్లాబాద్ నుంచి ఆటో కిరాయికి మాట్లాడి నిన్ను తీస్కొచ్చిందట గద. నాకు నొప్పులొచ్చినప్పుడు గడప దాటనియ్యలే. ఇంట్లనే అయితదన్నది."

"నా మీద ప్రేమతోని కాదక్కా. గీడ సంచి ఇస్తరని ఎవరో చెప్పిండ్రు."

"ఎందుకైతేంది, నిన్నైతే తీస్కొచ్చింది."

పాప ఏడ్చింది. చిన్నకోడలు మెల్లగా ఒళ్లోకి తీసుకుంది.

"అక్కా, పురుడు ఎల్లేదాక కొత్తబట్ట తొడగొద్దంటది అత్త. వేరే పిల్లలేసుకున్నదే తొడగాల్నట. పక్కింటోళ్లని అడిగి ఓ పాతంగీ తెస్తవా?"

పెద్దకోడలు సంచిలోంచి పలుచని అంగీ తీసి మడత విప్పింది.

"నా బిడ్డ దక్కి ఉంటే పాతంగీ మన ఇంట్లనే ఉంటుండె. ఇంకోళ్లింటికి పోయి నేను అడుగ. గిదే తొడుగు."