టిక్కుకీ టిక్కుకీ మధ్య

బయట బస్సు టికెట్ల కౌంటర్ దగ్గర జనం గోల చేస్తున్నారు. లోపల సర్వర్ గదిలో యజమాని కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఆయన కోడలు తెర ముందు నుంచి కదల్లేదు.

“నాలుగు ప్రాసెసర్లూ ఖాళీ అంటోంది కదమ్మా తెర! మరి టికెట్ రాదేం?”

“ఖాళీగా లేవు మావయ్యగారూ. లెక్కే తప్పు.”

“యంత్రం కూడా అబద్ధమాడుతుందా?”

“అబద్ధం కాదు. ఈ సర్వర్‌ని నడిపే యూనిక్స్, గడియారం టిక్కుమన్నప్పుడల్లా ప్రాసెసర్లని ఒక్కసారి తొంగి చూస్తుంది. ఆ క్షణాన ఎవరు పనిలో ఉంటే వాళ్ళ ఖాతాలో రాస్తుంది. మధ్యలో ఏం జరిగినా దానికి పట్టదు.”

“తొందరగా చెప్పమ్మా, అద్దాలు పగలగొట్టేలా ఉన్నారు!”

“ఒక ప్రోగ్రాం టిక్కు కాగానే లేచి, మళ్ళీ టిక్కుమనేలోపు పడుకుంటోంది. నాలుగింటినీ అదే మింగేస్తోంది, ఖాతాలో మాత్రం సున్నా. ఇవాళ టిక్కుతో పనిలేకుండా, ఏ ప్రోగ్రాం ప్రాసెసర్ మీదికి ఎప్పుడెక్కి ఎప్పుడు దిగుతోందో కొలిపించాను. దొరికింది. ఆపేశాను.”

“నంగనాచి! ఎవరు రాశారు దాన్ని?”

కోడలు కాస్త తటపటాయించింది.

“మీ అబ్బాయే.”

“వాడా? ఛ! వచ్చే నెల ఆఫీసంతా వాడికే అప్పగిద్దామనుకుంటున్నాను. నా గదిలోంచి తొంగి చూసినప్పుడల్లా తలెత్తకుండా పనిచేస్తుంటాడే!”

“మీ తలుపు కిర్రుమంటుంది మావయ్యగారూ.”

ఆయన తిరగడం ఆపేశాడు. బయట గోల సద్దుమణుగుతోంది.

“నూనె డబ్బా ఎక్కడుందమ్మా?”