పుట్టింటి గత్తం

అప్ప పెరట్లో వంగమడి నిండా తుంగ. తమ్ముడు గునపంతో తుంగగడ్డలు తవ్వుతుంటే అప్ప ఏరుతోంది. వేసవిలో తమ్ముడే ఎరువుగా బండెడు గత్తం తోలిన మడి అది.

“కలుపు సరిగ్గా తియ్యనేదని దేముడమ్మని పనిలోంచి తీసేసినాన్రా.”

అతని చేయి ఆగిపోయింది.

“దాని తప్పేటీ నేదప్పా. నా మడిలో పీకిన తుంగ కుళ్ళిపోద్దని గత్తంకుప్పలో ఏసినాను. గడ్డలు సావనేదు. ఆ గత్తవే నీకు తోలినాను.”

“నీకెప్పుడు తెలిసినాది?”

“ఆషాడంలో. ఆ గత్తం ఏసిన నా సేలోనూ తుంగ మొలిసినాది.”

“మూడు నెల్లు నోరిప్పనేదేట్రా, సచ్చినోడా?”

“పుట్టింటి గత్తమని ఊరంతా సెప్పుకుని మురిసిపోనావు. నోరు రానేదు.”

అప్ప చేతుల మన్ను దులుపుకుని లేచింది.

“పద, దేముడమ్మింటికి. ఈ మాట దానికీ సెప్పు.”

“నువ్వూ వస్తావా?”

“రాకేటి? పొమ్మన్న నోరు నాదే గదా.”