మోగిన గుండు, మీ తాత తిట్టు

"నాయనమ్మా, గీ క్యాసెట్‌ల పాటలేవి? టంగ్ టంగ్ అని రాళ్ల సప్పుడే వస్తుంది!"

ఏడ దొరికిందే నీకు? బీరువల నా చీరెల కిందనా? బంద్ చెయ్, జర మెల్లగ తియ్ బిడ్డా, పాత రీలు. నవ్వకు. చెప్త కూసో.

గప్పుడు హైటెక్ సిటీ ఇంక లేకుండె... కాదు కాదు, గా గుండ్రటి బిల్డింగు లేస్తుండె. మన ఖాజాగూడ దిక్కు ఏడ సూసినా గుట్టలే, గుట్టల మీద ఇంతింత రాతి గుండ్లు. ముందటి అర్రల ఒక పిలగానికి కిరాయికిచ్చినం. గోదారి దిక్కోడు, కంప్యూటర్ పని. నన్ను "పిన్నిగారూ" అంటుండె. మన దిక్కు గారు గీరు ఎవలంటరు? నాకు ఒకటే నవ్వు.

ఆదివారమొస్తే సుత్తె, టేపురికార్డరు పట్టుకొని గుట్టెక్కుడు. ఒక్కొక్క గుండును కొట్టుడు, చెవి పెట్టి ఇనుడు. లంకెబిందెలు ఎతుకుతుండని ఊరంత గుసగుసలు! మా మరిది, అదే మీ సిన్నతాత, పార పట్టుకొని సాటుంగ ఎనుక పోయిండు, దొరికితే వాటా అడుగుదామని.

పిలగాడేమో "నిధి కాదండి, రాళ్లతో పాట కడుతున్నానండి" అన్నడు. ఇగ మీ తాతకు మండింది. గుడిల భజనకు హార్మోనియం ఆయనదే, తెలుసు గద? నీకేడ తెలుస్తది, నువ్వు పుట్టకముందే పాయె. శ్రుతి, తాళం లేంది పాటే కాదనెటోడు. గొంతు మంచిగుండె బిడ్డా. కోపం గూడ గంతే.

గంతలనే, రోడ్డు కోసం గుట్ట పేలుస్తరని తెలిసింది. పిలగాడు పరేషాన్. "బాబాయిగారూ, ఒక్క గుండు గంటలా మోగుతుందండి. పోకముందు ఒక్కసారి వినండి" అని బతిమిలాడి తీస్కపోయిండు. నేనూ ఎనుక పోయిన. టేపురికార్డరు ఆన్ చేసి గుండును కొట్టిండు. ఏం చెప్పాలె బిడ్డా, నా గుండెల తగిలింది ఆ మోత. మీ తాత "మళ్ల కొట్టు" అన్నడు. కొట్టంగనే సన్నగ "సా..." అని గొంతు కలిపిండు. అవ్, కలిపిండు, నా చెవులార ఇన్న! గప్పుడే నా దిక్కు సూసిండు. సిగ్గయినట్టుంది, ఇగ పిలగాని మీద పడ్డడు: "ఏందిర ఇది? దీన్ని పాటంటరా?"

గుట్ట పోయింది, గుండు పోయింది. పిలగాడు అర్ర ఖాళీ చేసేటప్పుడు ఈ క్యాసెట్ ఇచ్చి పోయిండు. మీ తాత దాన్ని ముట్టను గూడ ముట్టలే.

అన్నేండ్లు భజన చేసిండు, ఒక్కలన్న టేపు పట్టిన్రా? పట్టలే. నేనన్న పట్టియ్యకపోతి. ఆయన గొంతు ఇగ ఈ లోకంల గీ క్యాసెట్‌లనే ఉంది. ఒక్క "సా", ఒక్క తిట్టు.

ఇప్పుడు పెట్టు. అగో, గుండు... మళ్ల... అగో, మీ తాత! ఇన్నవా? ఇగ అడుగుతడు సూడు, దీన్ని పాటంటరా అని. అడిగినప్పుడల్లా నేను జవాబు చెప్త.

అంటరయ్యా. అంటరు.

నీ చెయ్యి సల్లగుండ బిడ్డా, జర ఎనుకకు తిప్పు...