మల్లవ్వ చెంపలోపలి మచ్చ

మళ్ల గదే ప్రశ్నల కార్డా డాక్టరమ్మా? తొంభైరెండుల గూడ గిదే అడిగిన్రు. పండ్లు దేంతోటి తోముతరు, పొగాకు వాడుతరా, మచ్చలున్నయా. అడిగెటోల్లు మారిన్రు గని అడిగేది మారలే.

కూసోండి, గీ పీట మీద. మీరు కొత్త, మీకు తెల్వది. అప్పుడు నాచారంల ఇల్లిల్లు తిరిగి ఆడోళ్లను పోగుజేసింది నేనే, సారమ్మను. డెంటల్ కాలేజీ, మా మహిళా సంఘం, మల్లాపూర్‌ల మేం పనిజేసే అట్టడబ్బాల కంపెనీ, ముగ్గురు గలిసి జేసే పరిశోధన అన్నరు. అక్కెర ఉన్నదని తేలితే వాడల పండ్ల దవాఖానా పెడ్తమన్నరు. పన్ను పీకించుకోవాల్నంటే రెండు బస్సులు మారెటోల్లం, ఎందుకు నమ్మం?

పరిశోధన ఏడ బెట్టిన్రు? కంపెనీ క్యాంటీన్ల! పక్కనే కుర్చేసుకొని సూపర్‌వైజర్ బసవరాజు. లైను సక్కగ ఉండాల్నని అట.

మా ఆడోళ్లల శానామందికి పొగాకు పొడి అలవాటే. పెనం మీద మాడ్చి, నూరి, డబ్బీల ఏసుకుంటం. చిగుళ్లకు రుద్దితే ఆకలి తెల్వది, నిద్ర రాదు. మిషిన్ కాడ ఇంక ఏమున్నది? గని ఉమ్మనీకి లేస్తరని, డబ్బీ దొరికితే పనిలకెళ్లి తీసేస్తడు బసవరాజు. ఆయన ముంగట ఎవరు జెప్తరు?

నలభై మందిమి ఒక్కటే మాట. వేపపుల్ల.

నవ్వకండి. గీ ఫ్యాక్టరీల నడుమ గన్ని వేపచెట్లు యాడున్నయని ఒక్క డాక్టరన్న అడగలే. వంచిన తల ఎత్తకుంట రాసుకున్నరు. పొగాకు అవునంటేనే చెంపలోపల టార్చి గొట్టి సూసుడు. కాదంటే ముంగటి పండ్లు లెక్కబెట్టి పంపుడే.

రిపోర్టు వచ్చింది. ఇక్కడి ఆడోళ్లకు పొగాకు అలవాటు లేదు, దవాఖానా అక్కెర లేదని. "మనం మస్తు మంచిగున్నమట సారక్కా" అని మా కంపెనీల పనిజేసే శ్యామలమ్మ నవ్వింది. నవ్వితే నోట్ల సగం పండ్లు లేవు.

మల్లవ్వది నా పక్క మిషినే. అప్పటికే చెంపలోపల తెల్లమచ్చ ఉండె, కారం తగిలితే మంట. మొన్న ఎండాకాలం దవడ సగం తీసేసిన్రు. గంజి గొట్టంతోటి తాగుతది. మాట లేదు. గదే ఆమె ఇల్లు. పోకండి, ఎవరొచ్చినా ముఖానికి కొంగు అడ్డం బెట్టుకుంటది.

నేను ఏడుస్తలేనమ్మా. ఏడుపు వస్తలేదు. నల్లా వచ్చినప్పుడు బిందె పట్టుకొని పోతున్న, పనికి పోతున్న, వస్తున్న. గంతే.

ఒక్కటుంది. ఎవరికీ చెప్పలే.

ఆ దినం మల్లవ్వ వంతు వచ్చినప్పుడు, పొగాకు వాడుతవా అని డాక్టరు అడిగిండు. "అయ్యా, నేను..." అని నోరు తెరిచింది. చెప్పేటట్టే ఉండె. నేను ఎనకనే నిలవడ్డ. ఒక్కతి చెప్తే బసవరాజు అందరి రైకలు దేవులాడుతడని భయం. నా రైకల గూడ డబ్బీ ఉండె. మల్లవ్వ రెట్ట గట్టిగ గిచ్చి, "వేపపుల్ల, రాసుకోండి సారూ" అన్న.

నా దిక్కు సూసింది. నోరు మూసుకున్నది.

బసవరాజు తల గూడ ఎత్తలే. ఆయనకు పనే పడలే. నేను సరిపోయిన.